కరువునాటి నిరీక్షణ

మన అధ్యక్ష ఖండము నూరేండ్ల పండుగ జరుపుకొంటున్న ఈ శుభసమయములో సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని పెద్దలు అడిగారు. ఇటువంటి సంచికలలో కట్టిన గుడుల వివరములు, తెరచిన బడుల లెక్కలు, సేవచేసి గతించిన గురువుల పేర్లు ఎలాగూ ఉంటాయి. అవి ఉండవలసినవే. కాని ఆ గుడులకు, బడులకు ముందు ఒక కాలమున్నది. అప్పుడు గుడి లేదు, బడి లేదు, పొయ్యిలో నిప్పు కూడ లేదు. ఆ కాలములో తెలుగుదేశపు పేద పల్లెలు దేనిని పట్టుకొని నిలిచినవో పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనమీద ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నా చిన్నతనములో అన్నము పళ్లెములో వదిలి లేస్తే మా నాయనమ్మ ఒక్క మాట అనేది: "ధాత కరువు సంగతి నీకేం తెలుసురా!" ఆ కరువును ఆమె చూడలేదు. తన నాయనమ్మ చెప్పగా విన్నది. అంతే. అయినా ఆ మాట అన్న తర్వాత నేను పళ్లెములోని మెతుకులు ఏరి తినేవరకు అక్కడినుండి కదిలేది కాదు. ఒక కరువు పేరు ఇన్ని తరములు దాటి వచ్చి పిల్లవాని పళ్లెము ప్రక్కన కూర్చున్నదంటే అది ఎటువంటి కరువై ఉంటుందో ఊహించుకోవచ్చు.

ధాత, ఈశ్వర, బహుధాన్య

మన పంచాంగము ప్రకారము 1876-77 ధాత సంవత్సరము. ఆ సంవత్సరము నైరుతి వానలు తప్పిపోయాయి. పోనీ, కార్తీకములోనైనా తుపాను వాన వస్తుందని రైతులు ఎదురుచూశారు. ఈశాన్య ఋతుపవనము కూడ మొండిచెయ్యి చూపింది. చెరువులు ఎండి నెర్రెలు విచ్చాయి. మేత లేక పశువులు చచ్చాయి. మరుసటి ఈశ్వర సంవత్సరములోనూ బాధ తీరలేదు. ఇటు కోస్తా జిల్లాలు, అటు బళ్ళారి, కర్నూలు, కడప సీమలు, దక్షిణాన తమిళ దేశము, మైసూరు, బొంబాయి రాజధానిలోని దక్కను ప్రాంతము, అన్నీ ఆ మంటలో చిక్కుకున్నాయి. ఆకలితోను, ఆకలి వెంట వచ్చిన కలరా, జ్వరములతోను చనిపోయినవారు యాభై లక్షలకు పైబడియే ఉంటారని చరిత్రకారుల అంచనా.

ధాన్యము అసలే లేక జనము చావలేదు. అంగళ్ళలో ధాన్యమున్నది. ఓడలలో ఎగుమతి కూడ అవుతూనే ఉన్నది. కొనుక్కొనుటకు కూలివాని చేతిలో డబ్బు లేదు, డబ్బిచ్చే పని లేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిగారిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ మహా దర్బారు జరుగుతున్న రోజులలోనే మద్రాసు రాజధానిలో జనము రోడ్ల ప్రక్కన పడి చనిపోతున్నారు. ఖర్చు తగ్గించుటకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ దొర, కరువు పనిలో మట్టి మోసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించాడు. ఆ కూలితో కష్టపడే మనిషి బ్రతుకలేడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ వాదించాడు. తరువాత కూలిని కొంత పెంచారు గాని అప్పటికే ఆలస్యమైంది.

ఆ దెబ్బ మొట్టమొదట తగిలినది ఎవరికి? భూమి లేనివారికి. మాలపల్లెలకు, మాదిగపల్లెలకు. రైతు పండిస్తేనే వారికి కళ్ళములో గింజలు. రైతు ఇంట గాదె ఖాళీ అయ్యేనాటికి వారి ఇంట కుండ ఎప్పుడో ఖాళీ అయి ఉంటుంది.

ఒంటరి నక్షత్రము

ఇక్కడ కథను కొంచెము వెనుకకు తీసుకొని పోవాలి. నేను చెప్పబోయే సంగతి ఒంగోలు ప్రాంతమునకు చెందినది, అక్కడి సంఘము బాప్తిస్టు సంఘము. మన అధ్యక్ష ఖండపు సంచికలో వారి కథ ఎందుకని కొందరు అడుగవచ్చు. కరువు ఏ మిషను హద్దులు చూచి రాలేదు. పైగా వారి కథకు మన ఏలూరుతో ఒక బంధమున్నది. అది ముందుకు తెలుస్తుంది.

అమెరికను బాప్తిస్టులు తెలుగువారి మధ్య పని మొదలుపెట్టినది 1836లో. శామ్యూల్ డే అను మిషనరీ 1840లో నెల్లూరు చేరాడు. సంవత్సరములు గడిచినా విశ్వాసులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. డబ్బు ఖర్చు, ఫలితము శూన్యము. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణములో జరిగిన వారి మహాసభలో ఈ తెలుగు మిషను మూసివేయవలెనన్న మాట వచ్చింది. మిషను కేంద్రములను నక్షత్రములతో గుర్తించిన పటము ఆ సభలో ఉన్నది. బర్మా వైపు నక్షత్రములు అనేకము. ఇటు నెల్లూరు వద్ద ఒక్కటే. దానిని ఒకరు 'ఒంటరి నక్షత్రము' అన్నారు. ఆ రాత్రి శామ్యూల్ స్మిత్ అను కవి ఆ పేరుమీద ఒక పద్యము వ్రాసి తెచ్చాడు. మరునాడు దానిని చదువగా సభలో పలువురు కన్నీరు పెట్టుకున్నారట. నక్షత్రము ఆరిపోలేదు.

ఆ సంగతి తెలిసిన నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్ గారు, ఆయన భార్య, వారితోపాటు తెలుగు విశ్వాసులు ముగ్గురు, నర్సు, జూలియా, రూతు, 1854 జనవరి 1వ తేది తెల్లవారకముందే ఒంగోలు వద్దనున్న ఒక కొండ ఎక్కారు. ఐదుగురే. తూర్పు తెల్లవారుచుండగా కొండ క్రింద కనబడుచున్న పల్లెల కొరకు ఒకరి తరువాత ఒకరు మోకరించి ప్రార్థించారు. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని అడిగారు. ఈ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

ప్రార్థన చేసి దిగివచ్చిన మరునాడు ఏమీ జరుగలేదు. మరుసటి ఏడు కూడ జరుగలేదు. 1862లో జూయెట్ గారు ఆరోగ్యము చెడి స్వదేశము వెళ్ళినప్పుడు మళ్ళీ మూసివేత ప్రస్తావన వచ్చింది. మిషను పంపకపోయినా తాను ఒంటరిగానైనా తిరిగి వెళ్ళి తెలుగువారి మధ్యనే చనిపోతానని ఆయన పట్టుపట్టారు. చివరకు ఆయనతో కూడ ఒక యువకుని పంపారు. అతడే జాన్ ఎవరెట్ క్లౌ. పొలములు, అడవులు కొలిచే సర్వేయరు పని చేసినవాడు. ఆ సంగతి గుర్తుంచుకోండి. దేవుడు మనుష్యుని పాత విద్యను పారవేయడు. 1866 సెప్టెంబరులో క్లౌ దొరగారు ఒంగోలు చేరారు. కొండమీది ప్రార్థనకు, ఆ రాకకు మధ్య పండ్రెండు సంవత్సరములు.

చెప్పులు కుట్టినవాడు తెచ్చిన వెలుగు

దొరగారు రాకముందే సువార్త ఒంగోలు పడమటి పల్లెలకు వచ్చింది. తెచ్చినవాడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. సత్యము కొరకు తపించి యోగసాధన నేర్చినవాడు. తోళ్ళ బేరమునకు ఉత్తరాన ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల నోట క్రీస్తును గూర్చి విన్నాడు. విన్న మాటను మూటలో కట్టుకొని ఇంటికి తెచ్చాడు. 1866లో అతడును అతని భార్యయు బాప్తిస్మము పొందారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడింది. అదే నెలలో పేరయ్య ఉన్న ప్రాంతమునకు దొరగారు వెళ్ళేసరికి అతని మాట విని సిద్ధపడియున్నవారు ఎందరో కనబడ్డారు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఒంగోలులోని పై కులములవారు కొందరు సువార్త వినుటకు ఇష్టపడుతూనే, మాదిగలను చేర్చుకొంటే మేము రామని చెప్పారు. దొరగారికి ఏమి చేయవలెనో తోచలేదు. ఆ సాయంత్రము ఆయన ఒక గదిలో బైబిలు తెరువగా కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము కనబడింది. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని చెప్పే భాగమది. మరొక గదిలో ఆయన భార్య హారియెట్ గారు తెరచినదీ అదే అధ్యాయము. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకొని ఆశ్చర్యపడ్డారు. తరువాత సందేహము లేదు. ముందు వచ్చినవారినే ముందు చేర్చుకొన్నారు.

చేరినవారికి సుఖము కలుగలేదు. ఆదివారము పని చేయము, చచ్చిన పశువు మాంసము తినము, విగ్రహములకు మ్రొక్కము అని వారు చెప్పగానే ఊరు కోపించింది. జాతరకు డప్పు కొట్టనందుకు దెబ్బలు తిన్నారు. కొన్నిచోట్ల పనులు మానిపించారు, నీళ్ళు తెచ్చుకొనే దారులు మూశారు. అన్నము పెట్టే మతమని తర్వాత నిందించినవారు ఈ పదేండ్ల చరిత్రను మరచిపోతారు. కరువు రాకముందు ఒంగోలు సంఘములో చేరినవారు అన్నము పోగొట్టుకొని చేరినవారు.

కాలువ గట్టుమీద

ఇప్పుడు ధాత సంవత్సరమునకు తిరిగి వద్దాము. ఒంగోలు బంగళా ముందు జనము పోగయ్యారు. ఎముకల గూళ్ళవంటి మనుష్యులు, చంకన బిడ్డలతో తల్లులు. దొరగారు ఉన్నది పంచారు. స్నేహితులు పంపినది పంచారు. అది సముద్రములో కాకిరెట్ట.

ఆ సమయములో మద్రాసు ప్రభుత్వము కరువు పనిగా తూర్పుతీరపు కాలువను త్రవ్విస్తున్నది. పెదగంజాము నుండి మద్రాసు మీదుగా దక్షిణమునకు సముద్రపు ఒడ్డు వెంబడి సాగే ఆ కాలువకే అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. ఇతరుల క్రింద పనికి పోయిన పల్లెవారికి తిట్లు, దెబ్బలు తప్పలేదు. అది చూచి దొరగారు తానే కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టుకు తీసుకొన్నారు. పూర్వము పట్టిన కొలతగొలుసు ఇప్పుడు అక్కరకు వచ్చింది. రాజుపాలెము వద్ద గుడిసెల ఊరు వెలసింది. బావులు త్రవ్వించారు. సుమారు మూడు వేలమంది అక్కడ పని చేశారు.

పనివారి గుంపులకు మేస్త్రీలుగా తన తెలుగు ప్రసంగీకులనే నియమించారు. పగలు పలుగు, పార, గంప. విశ్రాంతి వేళల్లో మట్టి దిబ్బలమీద కూర్చొని ఆ ప్రసంగీకులే వాక్యము చెప్పేవారు. వారు మరల మరల చెప్పిన వాక్యము మత్తయి పదునొకండవ అధ్యాయము 28వ వచనము. ప్రయాసపడి భారము మోసేవారిని ప్రభువు తన దగ్గరకు పిలిచిన పిలుపది. ఆ పిలుపు మనము ఎన్నోసార్లు విన్నాము. మెత్తని బల్లలమీద, ఫ్యాను క్రింద విన్నాము. నెత్తిమీద మట్టిగంపతో దానిని విన్నవానికి అది ఎలా వినబడి ఉంటుంది? అది ఎవరో పరలోకములోనుండి అన్న మాటగా కాక, గట్టుమీద నిలబడి తన పేరు పెట్టి పిలిచినట్టే ఉండి ఉంటుంది.

అక్కడ అందరూ బ్రతికారని చెప్పను. కరువు విశ్వాసిని, అవిశ్వాసిని ఒకే తీరుగా చూచింది. ప్రార్థన చేసినవారి ఇండ్లలోనూ పాడెలు లేచాయి. క్రైస్తవ విశ్వాసము కరువునుండి తప్పించే తాయెత్తు కాదు. మట్టి మోయువాని ప్రక్కన నిలిచి, అతనిని తిట్టక, కొట్టక, చేసిన పనికి సరియైన కూలి ఇచ్చి, నీవును దేవుని పోలికలో ఉన్నవాడవేనని చెప్పగలిగింది. ఆ రోజులలో అది చిన్న సంగతి కాదు.

పదునైదు నెలలు

కాలువ పనిలో ఉన్నవారిలో చాలామంది మాకు బాప్తిస్మమివ్వుమని అడుగసాగారు. మరొకరైతే వెంటనే ఇచ్చి, సంఖ్య వ్రాసుకొని, అమెరికాకు రిపోర్టు పంపి ఉండేవారేమో. క్లౌ దొరగారు ఇవ్వలేదు. ఒక్కరోజు కాదు, ఒక్క నెల కాదు, 1877 మార్చి మొదలు పదునైదు నెలలు ఎవరికీ బాప్తిస్మమివ్వలేదు. తన చేతిలో అన్నపు గింజలు ఉన్నంతకాలము, తన ఎదుట మోకరించినవాడు దేనికొరకు మోకరించాడో తనకు తెలియదని ఆయన భయము. కూలి ఇచ్చేవాడు, బాప్తిస్మమిచ్చేవాడు ఒక్కడే కావడములోని ప్రమాదము ఆయన గ్రహించారు.

ఈ నిగ్రహమును మనము ఎంత మెచ్చుకొన్నా తక్కువే. అయితే ఆ పదునైదు నెలలు దొరగారికంటె ఎక్కువగా పరీక్షింపబడినది ఆ పల్లెవారు. అడిగినది దొరకలేదు. రేపు రమ్మన్నారు. మళ్ళీ రేపు రమ్మన్నారు. అయినా విడిచిపోలేదు.

1878 నడిమికి వానలు మొదలైనాయి. సహాయనిధి అయిపోవచ్చింది. వచ్చినవారితో దొరగారు స్పష్టముగా చెప్పారు: ఇక మీకు ఇచ్చుటకు నావద్ద ఏమీ లేదు, ఇండ్లకు వెళ్ళండి. వారు ఇచ్చిన జవాబును ఆయన తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నారు. దాని సారాంశమిది. మేము సహాయమునకు రాలేదు. పని చేసి బ్రతికినవారమని మా చేతుల బొబ్బలే సాక్ష్యము. వచ్చే పంట కూడ పోతే చనిపోతాము, కాని క్రైస్తవులముగా చనిపోవలెనని కోరుతున్నాము. కనుక బాప్తిస్మమివ్వండి.

చదువరులారా, ఇది చావును ఎదుటనుంచుకొని, గింజ ఆశ లేని దినమున పలికిన మాట. దీనిని 'బియ్యపు క్రైస్తవము' అనుటకు ఎవరికి నోరు వస్తుంది?

గుండ్లకమ్మ ఒడ్డున

దొరగారు ఇక ఆపలేకపోయారు. ఒంగోలు బంగళా దగ్గర సహాయమునకు వచ్చేవారి గుంపులుంటాయి గనుక, అక్కడ కాక, ఊరికి ఉత్తరాన పదిమైళ్ళ దూరములో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మని కబురంపారు. ఏరు నిండుగా పారుతున్నది. చింతచెట్ల క్రింద జనము కూర్చున్నారు. ప్రసంగీకులు తమ తమ పల్లెలవారిని వేరువేరుగా కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిని విచారించి పేర్లు వ్రాశారు.

1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందారు. నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు ప్రసంగీకులు. ఇద్దరు అలసి గట్టెక్కితే మరి ఇద్దరు దిగేవారు. హడావిడి లేదు, తొందర లేదు. దొరగారు ఒడ్డుననే ఉండి చూచుకొన్నారు. ఆ సంవత్సరాంతమునకు క్రొత్తగా చేరినవారు 9,606 మంది. కరువుకు ముందు సుమారు మూడు వేలున్న సంఘము పన్నెండు వేలు దాటింది.

పెంతెకొస్తు దినమున చేరినది మూడు వేలమంది అని అపొస్తలుల కార్యములలో చదువుతాము. మన తెలుగు ఏటి ఒడ్డున అటువంటి దినము వచ్చినదని తలచినప్పుడు ఒడలు పులకరిస్తుంది. పంచాంగములో ఆ సంవత్సరము పేరు బహుధాన్య. ధాతలో మొదలైన ఏడుపు బహుధాన్యలో ఏటి ఒడ్డున పాటగా మారింది. ఆ పేరును ఎవరూ ఏర్పాటు చేయలేదు. అరవై సంవత్సరముల వరుసలో దాని వంతు వచ్చింది. అంతే. అయినా మా నాయనమ్మవంటి పెద్దలకు అది దేవుని చిరునవ్వుగా తోచి ఉంటుంది.

ప్రార్థన కొండమీద ఐదుగురు మోకరించి అప్పటికి ఇరువదినాలుగు సంవత్సరములు.

నిరీక్షణ అనే మాట

మన తెలుగు బైబిలులో ఒక చక్కని మాట ఉన్నది, నిరీక్షణ. బజారులో మనము ఆశ అంటాము. వాన పడుతుందని ఆశ, ఉద్యోగము వస్తుందని ఆశ. ఆశ తీరకపోతే అది నిరాశ అవుతుంది. బైబిలును తెనిగించిన పెద్దలు ఆ చోట్ల నిరీక్షణ అన్నారు. ఈక్షణమనగా చూపు. నిరీక్షణ అనగా చూపు మరల్చకుండ ఎదురుచూచుట. గుమ్మములో నిలబడి పట్నము పోయిన కుమారుని దారి చూచే తల్లి చూపది. బిడ్డ ఇంకా రాలేదు. తల్లి లోపలికి పోదు.

రోమీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయములో పౌలు శ్రమనుండి ఓర్పు, ఓర్పునుండి పరీక్ష, దానినుండి నిరీక్షణ పుట్టునని వరుస చెప్పాడు. ఈ వరుసను నేను చిన్ననాట సండేస్కూలులో వల్లించాను. అర్థమైనది మాత్రము ఒంగోలు కథ చదివిన తరువాతనే. కాలువ గట్టు శ్రమ. పదునైదు నెలలు ఓర్పు. ఇక ఏమీ ఇవ్వను అన్నమాట పరీక్ష. గుండ్లకమ్మ నిరీక్షణ.

ఇంకొక సంగతి కూడ గమనించండి. కొండమీద ప్రార్థించినవారు ప్రార్థించి ఊరుకొనలేదు. ఆరోగ్యము చెడినా తిరిగి వచ్చారు. కాలువ త్రవ్వినవారు పాడుతూ కూర్చొనలేదు. త్రవ్వారు. నిరీక్షణ చేతులు కట్టుకొని కూర్చొనే పని కాదు. దాని చేతులకు బొబ్బలుంటాయి.

మన దినములలో

మనము కూడ ఒక చీకటిని చూచాము. 2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసింది. ఆ ఈస్టరునాడు గుడి గంట మ్రోగలేదు. నా జీవితములో ఈస్టరు ఆరాధన లేని సంవత్సరము అదొక్కటే. మరుసటి సంవత్సరము ఇంకా కఠినము. మా పాస్టరేటులో ఒక పెద్దాయనను సమాధి చేయుటకు నలుగురమే వెళ్ళాము. ఆయన పాటలు నేర్పిన గాయక బృందములో ఒక్కరూ రాలేకపోయారు. గురువుగారు మాస్కు వెనుకనుండి సమాధి క్రమము చదువుతుంటే సగము మాటలు వినబడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంత ప్రార్థించాము గదా, ఏమైంది అనుకొన్నాను. విశ్వాసినని చెప్పుకొనే నేను అలా అనుకొన్న సంగతి దాచుకోవడము ఎందుకు?

తెల్లవారి తలుపు తీస్తే గుమ్మములో ఒక చిన్న సంచి. అందులో బియ్యము. మన స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము దేవునికని ప్రక్కన పెట్టే అలవాటు మీకందరికీ తెలిసినదే. గుడి మూసి ఉన్నందున ఆ పిడికెడు బియ్యము కానుకకు చేరలేదు. స్త్రీల మైత్రి వారు ఆలోచించి, దానిని పోగుచేసి, పని పోయిన ఇండ్లకు, రోగమున్న ఇండ్లకు కులము, మతము అడుగకుండా రాత్రివేళ గుమ్మములలో పెట్టి పోయారు. ఎవరు పెట్టారో తెలియకూడదని రాత్రి పెట్టారు. మాకు ఆకలి లేదు. పొరపాటున మా గుమ్మములోనూ పెట్టారు. దానిని ప్రక్క వీధిలోని కూలి కుటుంబమునకు ఇచ్చి వచ్చాను. ఆ నాలుగు అడుగులు నడిచి వచ్చేసరికి రాత్రి ప్రశ్నకు జవాబు దొరకలేదు గాని, ప్రశ్నతోనే నడువగలిగే బలము దొరికింది.

రెండవ నూరేండ్లకు

నూరేండ్ల పండుగ చేసికొనే సంఘము తనను తాను అడుగవలసిన ప్రశ్నలు రెండు. నేటి ధాత కరువు ఎవరి ఇంట ఉన్నది? అప్పులపాలై పురుగుమందు డబ్బా వైపు చూచే కౌలురైతు ఇంటనా? పిల్లలను ముసలివారి దగ్గర విడిచి బస్తీకి వలసపోయిన కూలి ఇంటనా? పరీక్ష తప్పి మొగము చూపలేక గది తలుపు వేసుకొన్న పిల్లవాని ఇంటనా? వారి గట్టుమీద నిలబడి పిలిచేవారు మనలో ఎవరు? మన గుడులు పెద్దవైనాయి, మైకులు పెద్దవైనాయి. ఆ పిలుపు మాత్రము చిన్నది కాకూడదు.

రెండవది, మన సహాయములో వల ఉన్నదా? ఇచ్చే చేతిలో లెక్క ఉన్నదా? పదునైదు నెలలు తన చేతిని ఆపుకొన్న మనిషినుండి మనము నేర్చుకోవలసినది ఇదే. ఆకలిగొన్నవానికి అన్నము అన్నముగానే పెట్టాలి. సువార్త సువార్తగానే చెప్పాలి. రెండూ ప్రేమతోనే, ఒకదానికి మరొకటి వెల కాకుండా.

చివరగా ఒక్కమాట. ఆకలిగొన్నవారు త్రవ్విన ఆ బకింగ్‌హామ్ కాలువలో చాలకాలము పడవలు నడిచాయి. రైలు వచ్చిన తర్వాత క్రమముగా వాడుక తగ్గింది. పూడి, నాచు పట్టి, పనికిరాని కాలువ అనిపించుకొన్నది. 2004 డిసెంబరు 26న, క్రిస్మసు మరునాడు, సునామీ అలలు మన తీరముమీదికి వచ్చినప్పుడు ఒడ్డునకు సమాంతరముగా ఉన్న ఆ కాలువ ఆ నీటిలో కొంత తనలోనికి తీసికొని, కొన్నిచోట్ల దాని వెనుకనున్న పల్లెలకు ముప్పు తగ్గించిందని పరిశీలించిన శాస్త్రజ్ఞులు వ్రాశారు. కరువులో గంప మోసిన తల్లికి, నూట ఇరవై ఏడేండ్ల తరువాత తన గంప ఎవరి బిడ్డనో కాపాడుతుందని తెలియదు. ఆమె ఆ పూట కూలికి మోసింది. దేవుడు దానిని దాచి ఉంచాడు.

మనము ఈనాడు మోసే గంపల సంగతి కూడ అంతే. ఫలితము మన కంటబడకపోవచ్చు. కొండ దిగిన ఐదుగురికి మరునాడు ఏమీ కనబడలేదు గదా. అయినను చూపు మరల్చకుండ, చేతులు ఆపకుండ ముందుకు సాగుదము. నిరీక్షణకు కర్తయైన దేవుడు మన అధ్యక్ష ఖండమును, సంఘములను, మన పిల్లలను, మన చుట్టునున్న పల్లెలన్నిటిని రాబోవు నూరేండ్లు తన రెక్కల నీడలో కాచి నడిపించును గాక. ఆమేన్.